బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత: వంటింట్లో, మందుల పెట్టెలో మారేవి

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వైపు రైలెక్కితే సుమారు 40 కిలోమీటర్ల దూరంలో తిల్దా-నేవరా స్టేషన్ వస్తుంది. చుట్టూ వరి పొలాలు, ఊరి నిండా బియ్యం మిల్లులు, పక్కనే బైకుంఠ్‌లో సిమెంటు ఫ్యాక్టరీ. రైల్వే, ఉక్కు, సిమెంటు ఉద్యోగాల కోసం ఒకటి రెండు తరాల కిందట ఛత్తీస్‌గఢ్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు ఈ లైను పొడవునా కనిపిస్తారు. అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటి పెద్దకు 45 ఏళ్ళు, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. పదేళ్ళుగా మధుమేహం. రాత్రి గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. రాయ్‌పూర్‌లో డాక్టరు బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంట్లో వాళ్ళ మొదటి ప్రశ్న, ‘ప్రాణానికి ఏమైనా అవుతుందా?’ రెండోది, ‘ఎంత ఖర్చు?’ మూడో ప్రశ్న చాలామంది అడగరు. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు, ఆరేళ్ళకు ఈయన ఏం తింటాడు, ఏ మందులు వేసుకుంటాడు, ఎలా ఉంటాడు? ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న గురించి.

మొదటి రెండింటికి జవాబు క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలో 4,776 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో చనిపోయినవారు 0.3 శాతం. అంటే వెయ్యి మందిలో ముగ్గురు. ఖర్చు ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఆరోగ్య బీమా విషయంలో మాత్రం భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో పాలసీల భాషను ఒకే తీరుకు తెచ్చింది. దాని ప్రకారం వయసు 18 దాటి ఉండాలి, ఆపరేషన్‌కు డాక్టరు సలహా ఉండాలి. బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. 35 దాటినవారికైతే గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య, అదుపులోకి రాని మధుమేహం వంటివి తోడై, ఇతర పద్ధతులు విఫలమై ఉండాలి. మనం ఊహించుకున్న పెద్దమనిషి బీఎంఐ 41. ఇది బీమా లెక్క. వైద్యుల లెక్క వేరు. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కాబట్టి, 27.5 దాటినవారికే ఈ చికిత్సను సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి.

పొట్టకు చేసేదేమిటి?

ఇది కొవ్వును పీల్చి తీసేసే లైపోసక్షన్ కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. మన దేశంలో ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సన్నని గొట్టంలా కుడతారు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. ఆహారం మిగతా జీర్ణాశయాన్ని, పేగు మొదటి భాగాన్ని తాకకుండానే వెళ్ళిపోతుంది. ఈ బైపాస్ ఆలోచన 1960లలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్‌ది. మన దగ్గర 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ ఈ తరహా ఆపరేషన్ చేయించుకున్నాక ఆ పేరు పత్రికల్లో సామాన్యులకూ తెలిసింది.

పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది అనుకుంటాం. అది సగం నిజమే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది. మరోవైపు తిన్నది పేగు చివరికి త్వరగా చేరడంతో, కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్లు పెరుగుతాయి. మధుమేహం కొందరిలో బరువు తగ్గకముందే, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే లోపే అదుపులోకి రావడానికి ఇదొక కారణం. దీనికి ఒక చిక్కు కూడా ఉంది. పాత మోతాదులోనే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తపోటు మాత్రలదీ ఇదే కథ. డిశ్చార్జి రోజున మందుల చీటీని డాక్టరు ఎదుటే ఒక్కొక్కటిగా చదివించుకోవాలి. ఇంట్లో ఉన్న పాత పట్టీలు అందుబాటులో లేకుండా పక్కన పెట్టేయాలి.

ముందు రెండు వారాలు, తర్వాత రెండు నెలలు

సన్నాహం ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. చాలా ఆసుపత్రులు రెండు వారాల పాటు అతి తక్కువ కేలరీల ఆహారం ఇస్తాయి. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం కొంచెం కుంచించుకుంటే, సర్జన్‌కు దాని వెనకున్న జీర్ణాశయం సులువుగా అందుతుంది. ఈ కారణం చెప్పకుండా ఉత్త డైటు కాగితం చేతికిస్తే, ‘ఎలాగూ కోసేస్తారు కదా, ఈ నాలుగు రోజులు తిననివ్వండి’ అనేవాళ్ళే ఎక్కువ. పొగాకు కనీసం ఆరు వారాల ముందు మానాలి. ఛత్తీస్‌గఢ్‌లో బీడీ, సిగరెట్టుతో పాటు గుడాఖు ఉంది. పొగాకు, బెల్లం కలిపిన ఈ ముద్దతో పొద్దున్నే పళ్ళు రుద్దుకునే అలవాటు ఆడవాళ్ళలోనూ కనిపిస్తుంది. ‘పొగ తాగుతారా?’ అని డాక్టరు అడిగితే లేదని చెప్పేవారు గుడాఖు సంగతి చెప్పడం మరిచిపోతారు. అదీ పొగాకే. దాని పేరు చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, పల్చని ద్రవాలు. రెండు వారాల దాకా పాలు, పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన ద్రవాలు. తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తని ముద్దలు. మామూలు ఆహారం దాదాపు ఆరు నుంచి ఎనిమిది వారాలకు. రోజులు ఆసుపత్రిని బట్టి అటూ ఇటూ అవుతాయి, వరుస మాత్రం మారదు. కుట్లు మానకముందు గట్టి పదార్థం తింటే వాంతులతో మొదలై, కుట్టు దగ్గర లీకు దాకా వెళ్ళవచ్చు.

వేసవిలో ఆపరేషన్ పెట్టుకునేవాళ్ళు నీటి సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ కొత్త కాదు. దాహం వేసి వచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగడం మనకు అలవాటు. కొత్త పొట్టలో అంత చోటు లేదు. రోజుకు కనీసం లీటరున్నర లోపలికి వెళ్ళాలి, కానీ గుక్కలు గుక్కలుగా, రోజంతా. భోజనంతో పాటు నీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా నీళ్ళు చాలడం లేదని గుర్తు. మొదటి నెలలో మళ్ళీ ఆసుపత్రిలో చేరే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ముఖ్యమైనది.

అన్నం, తవుడు, ఒక పాత జబ్బు

అన్నం తినే మనకు మిగతావాళ్ళకంటే దగ్గరి విషయం ఒకటుంది. విటమిన్ బీ1, అంటే థయమిన్, శరీరంలో నిల్వ ఉండేది రెండు మూడు వారాలకు సరిపడేంతే. ఆపరేషన్ తర్వాత తిండి తగ్గి, పైగా వాంతులు పట్టుకుంటే ఆ నిల్వ ఇట్టే అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, మాటలో తికమక మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు కోలుకోలేని దెబ్బ తగులుతుంది. దీనికి డాక్టర్లు వాడే పేర్లలో ఒకటి ‘బేరియాట్రిక్ బెరిబెరి’.

బెరిబెరి తెలుగువారికి కొత్త జబ్బు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తాంధ్ర, దీనికి పేరుపడ్డ ప్రాంతం. జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో దీనిమీద ఒక పుస్తకం వేశాడు. కారణం మాత్రం అప్పుడెవరికీ తెలియదు. 1890లలో జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ తన కోళ్ళను గమనించాడు. ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్ళకు కాళ్ళు చచ్చుబడ్డాయి, తవుడు పోని ముడిబియ్యం పెట్టగానే తేరుకున్నాయి. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. బియ్యాన్ని మర పట్టించి తెల్లగా పాలిష్ చేసినప్పుడు తవుడుతో పాటు థయమిన్ పోతుంది. ఉప్పుడు బియ్యంలో మాత్రం చాలావరకు నిలుస్తుంది, ఎందుకంటే వడ్లను ఉడికించేటప్పుడే అది గింజ లోపలికి ఇంకుతుంది. తిల్దా మిల్లుల్లో ‘అర్వా’, ‘ఉస్నా’ అని రెండు రకాలూ ఆడతారు. ఉస్నా అంటే మన ఉప్పుడు బియ్యమే. కోస్తాంధ్ర వాళ్ళు పచ్చి బియ్యమే ఇష్టపడడం ఆ జబ్బుకు కారణమైంది.

బియ్యం మార్చేస్తే ఆపరేషన్ అయినవారికి సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. మూడు నాలుగు ముద్దల అన్నంలో ఏ బియ్యమైనా ఇచ్చే థయమిన్ కొంచెమే. మాత్ర రూపంలో వేసుకోవాలి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఇంజెక్షన్‌గా ఎక్కించాలి. ఇక్కడ ఇంటివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. నీరసంగా ఉన్నాడని దగ్గరి క్లినిక్‌కు తీసుకెళ్తే మొదట పెట్టేది గ్లూకోజు సెలైన్. థయమిన్ లేని శరీరంలో గ్లూకోజు ముందు వెళితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ‘బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ముందు బీ1 ఇవ్వండి’ అని చెప్పగలిగేవారు ఇంట్లో ఒకరైనా ఉండాలి.

మిగతా లోపాలు నెమ్మదిగా వస్తాయి, అందుకే కనిపించవు. బీ12 జీర్ణం కావడానికి జీర్ణాశయంలో పుట్టే ఒక పదార్థం కావాలి, అది తగ్గిపోయింది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఇంకేది పేగు మొదటి భాగంలో; బైపాస్‌లో ఆహారం అక్కడికే పోదు. శాకాహారులకు బీ12 ముందే తక్కువగా ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ సంగతీ అంతే. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరం వాడైన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ పోషకాలన్నీ మాత్రల్లో ప్రతిరోజూ, బతికినన్నాళ్ళూ తీసుకోవాలి. సాధారణంగా సూచించే కాల్షియం రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా. కాల్షియం సిట్రేట్ రకమైతే మేలు, అది ఇంకడానికి జీర్ణాశయ ఆమ్లం అంతగా అవసరం లేదు. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటల ఎడం. ఇనుము మాత్రను టీతో వేసుకుంటే సగం వృథా. ‘బాగానే ఉన్నాను కదా’ అని రెండో ఏట మాత్రలు మానేసినవారికి నాలుగో ఏట రక్తహీనత, పాదాల్లో తిమ్మిర్లు కనిపించడం డాక్టర్లకు పరిచయమైన వరుస.

కంచంలో ఏముండాలి?

ప్రోటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు. ఇది తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. లెక్క ఇలా వేసుకోవచ్చు. రెండు గుడ్లు 12 గ్రాములు, చిక్కటి పప్పు ఒక కప్పు 9, పొడిగా తూచిన 25 గ్రాముల సోయా ముక్కలు 13, యాభై గ్రాముల పనీర్ 9, పెద్ద కప్పు పెరుగు 7, చిన్న చేప ముక్క 15. మొత్తం 65. ఇదంతా మూడుపూటలా కాక, ఐదారు చిన్న విడతల్లో. కంచంలో ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటుంటే అన్నం. తెలుగింట్లో ఈ వరుస తలకిందులుగా అనిపిస్తుంది, ఎందుకంటే మనకు భోజనం అంటేనే అన్నం. వేసవిలో ఛత్తీస్‌గఢ్ వాళ్ళ బోరే బాసీ, మన చద్దన్నం రెండూ చలవ చేసేవే. కానీ నీళ్ళలో నానిన అన్నం ఆ చిన్న సంచిని నింపేసి ప్రోటీన్‌కు చోటు లేకుండా చేస్తుంది. దానికి బదులు ఇక్కడి వాళ్ళదే ఇంకో వంటకం ఉంది, బఫౌరీ. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించేది, మన కుడుములకు దగ్గరి చుట్టం. నూనె లేదు, మెత్తగా ఉంటుంది, ప్రోటీన్ ఉంది. మూడో నెల నుంచి దీన్ని మించిన ఫలహారం నాకైతే తట్టలేదు.

ముద్దను ఇరవై ముప్పై సార్లు నమలాలి. కడుపు నిండినట్టు అనిపించిన చోట ఆపాలి, ‘ఇంకొక్క ముద్ద’ వాంతిగా బయటికి వస్తుంది. మునగకాడలు, పీచుండే మాంసం, ముద్దగా అయ్యే మెత్తని బ్రెడ్డు మొదటి నెలల్లో ఇరుక్కుంటాయి.

తీపి విషయంలో శరీరమే శిక్ష వేస్తుంది. ముఖ్యంగా బైపాస్ అయినవారు రెండు జిలేబీలు తింటే, ఆ పాకం నేరుగా చిన్నపేగులోకి జారుతుంది. దాన్ని పల్చన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి లాగబడుతుంది. అరగంటలోపే గుండె దడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. దీన్నే డంపింగ్ అంటారు. కొందరికి ఇది రెండో అంకంగా వస్తుంది. చక్కెర ఒక్కసారిగా పెరిగిందని క్లోమం ఇన్సులిన్‌ను అవసరానికి మించి వదులుతుంది. దాంతో ఒకటి నుంచి మూడు గంటల తర్వాత చక్కెర పడిపోయి, చేతులు వణికి, స్పృహ తప్పినట్టవుతుంది. అప్పుడు మళ్ళీ తీపి తింటే మళ్ళీ అదే చక్రం. ప్రోటీన్‌తో కలిపి కొద్దికొద్దిగా తినడమే దీనికి మొదటి మందు.

సారాయి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బైపాస్, స్లీవ్ అయినవారిలో మద్యం రక్తంలోకి వేగంగా, ఎక్కువగా చేరుతుంది. ఇప్పపువ్వు సారా ఒకప్పుడు రెండు గ్లాసులు తట్టుకున్న మనిషికి ఇప్పుడు ఒక్క గ్లాసుకే మత్తెక్కుతుంది. అంతకంటే గట్టి సంగతి, బైపాస్ అయిన రెండో ఏడాది నుంచి మద్యం వ్యసనం పెరుగుతున్నట్టు 2012లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. తిండిలో దొరికే ఊరట పోయినప్పుడు మనిషి మరో ఊరట వెతుక్కుంటాడని కొందరు నిపుణుల వివరణ.

అద్దం ముందు

మూడో నెలకు జుట్టు ఊడడం మొదలవుతుంది. దువ్వెన నిండా వస్తుంటే భయపడనివారు ఉండరు, ముఖ్యంగా ఆడపిల్లలు. వేగంగా బరువు తగ్గడం శరీరానికి ఒక అఘాతం. చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్ళి, కొన్ని నెలలకు రాలిపోతాయి. ప్రోటీన్, ఇనుము సరిగా అందుతుంటే ఏడాది లోపు మళ్ళీ మొలుస్తుంది. నూనెలకు డబ్బు తగలేయాల్సిన పనిలేదు. చర్మం వేలాడడం మాత్రం దానంతట అది పూర్తిగా పోదు. కావాలంటే దానికి వేరే ఆపరేషన్, అదీ బరువు స్థిరపడ్డాకే.

వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడతాయి. కొందరికి ఆరు నెలల పాటు దానికి మాత్రలిస్తారు. స్లీవ్ తర్వాత గుండెలో మంట, పులితేన్పులు రావడం లేదా పెరగడం మామూలే, ఇదివరకే ఆ బాధ ఎక్కువగా ఉన్నవారికి బైపాస్ మేలని చాలామంది సర్జన్లు చెబుతారు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు బైపాస్ అయినవారికి నిషిద్ధం. అతుకు వేసిన చోట పుండు పడి రక్తం కారుతుంది. పారాసిటమాల్ వాడవచ్చు.

పెళ్ళయిన ఆడవాళ్ళకు ఇంకో హెచ్చరిక. బరువు తగ్గాక ఆగిపోయిన నెలసరి సవ్యంగా రావడం, గర్భం త్వరగా నిలవడం జరుగుతుంది. కానీ మొదటి 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, ఆ సమయంలో తల్లికే పోషకాలు చాలవు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఇంకకపోవచ్చు కనుక వేరే పద్ధతి మేలు.

మనసు సంగతి డాక్టర్ల కాగితాల్లో చివరి పేరాలో ఉంటుంది. పెళ్ళి విందులో ‘ఏమండీ, ఏమీ తినలేదే’ అని పదిమంది అడుగుతారు. మొహమాటంతో ఇంకో గరిటె వేయించుకుంటే ఆ రాత్రంతా యాతన. కొందరు ఈ అడగడం పడలేక విందులకే వెళ్ళడం మానేస్తారు. ముందే ఇంటివాళ్ళు ఒక మాట అనుకుంటే సరి. పక్కన కూర్చున్నవారే ‘డాక్టరు వద్దన్నారు’ అని అడ్డుకోవాలి. దిగులు రెండు మూడు వారాలు వదలకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

బరువు ఎంత తగ్గుతుంది? స్వీడన్‌లో 1987లో మొదలైన, 4,047 మందిని తీసుకున్న అధ్యయనంలో బైపాస్ అయినవారు ఒకటి రెండేళ్ళకు సగటున 32 శాతం తగ్గారు, పదేళ్ళకు అది 25 శాతం దగ్గర నిలిచింది. మన పెద్దమనిషి లెక్కన 112 నుంచి 76కు దిగి, మళ్ళీ 84కు చేరడం. ఆ కొంత తిరిగి రావడాన్ని ఓటమిగా చూసి చెకప్‌కు మొహం చాటేసేవారున్నారు. అదే అధ్యయనం 2007లో ఆపరేషన్ అయినవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని చూపింది.

రక్తపరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏడాదికొకసారి. తిల్దా వంటి ఊళ్ళో ఉండేవారు రాయ్‌పూర్ ప్రయాణాన్ని ముందే క్యాలెండరులో రాసుకోవాలి. కొన్ని లక్షణాలకు మాత్రం తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. మొదటి వారాల్లో గుండె నిమిషానికి 120 సార్లకు పైగా కొట్టుకోవడం, జ్వరం, కడుపులో లేదా ఎడమ భుజంలో తగ్గని నొప్పి కనిపిస్తే కుట్టు దగ్గర లీకు కావచ్చు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. బైపాస్ అయిన ఏళ్ళ తర్వాత కూడా, ఉండుండి మెలిపెట్టే కడుపునొప్పి వస్తే పేగు లోపల మెలిక పడిందేమో చూడాలి. ఇవి అర్ధరాత్రి వస్తే మొదట చూసేది ఆ ఆపరేషన్ చేసిన సర్జన్ కాకపోవచ్చు, ఊళ్ళో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కావచ్చు. అందుకే జేబులో ఒక కాగితం ఉండాలి: ఏ రకం ఆపరేషన్, ఏ తేదీన, ఏ ఆసుపత్రిలో, సర్జన్ ఫోను నంబరు, ప్రస్తుతం వాడే మందులు, వాడకూడని నొప్పి మాత్రలు, గ్లూకోజుకు ముందు థయమిన్ అన్న ఒక్క వాక్యం. తిల్దాలో అయితే దాన్ని హిందీలో కూడా రాయించాలి.